ఫోర్డ్ మోడల్ టి: హ్యాండిల్ కొట్టడం నుంచి తాళం తీయడం దాకా

ఎన్నేళ్లు కారు నడిపిన చెయ్యి అయినా మోడల్ టి సీట్లో మొదటిసారి తడబడుతుంది. కింద మూడు పెడళ్లున్నాయి, వాటిలో యాక్సిలరేటర్ లేదు. కుడి చివరది బ్రేకు, నడుమది రివర్సు, ఎడమది గేరు. పెట్రోలు చేత్తో ఇవ్వాలి. మంట ఎప్పుడు అంటుకోవాలో కూడా చేత్తోనే చెప్పాలి. గేరు రాడ్డు లేదు. పెట్రోలు ఎంతుందో చెప్పే ముల్లు లేదు. పెట్రోలు పంపు లేదు, నీళ్ల పంపు లేదు, ఆయిలు పంపు లేదు.

పంపు లేదంటే చెడిపోయే పంపు లేదని అర్థం. ఈ బండి కొన్నవాడికి దగ్గర్లో షెడ్డు ఉండదని, పానా, సుత్తి, తీగముక్కతో వాడే బాగుచేసుకోవాలని దీన్ని చేయించిన హెన్రీ ఫోర్డ్‌కు ముందే తెలుసు, ఎందుకంటే అతను అలాంటి ఊళ్లోంచే వచ్చాడు. ఆ సంగతి కాస్త తెలిస్తే కింద చెప్పే పద్ధతులు గుర్తుంచుకోవడం తేలిక.

హెన్రీ ఫోర్డ్ 1863 జులై 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డియర్‌బోర్న్ దగ్గరి పొలంలో పుట్టాడు. తండ్రి ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన రైతు. తిండికి లోటున్న ఇల్లు కాదు గానీ, కొడుకును కాలేజీకి పంపి వ్యాపారం పెట్టించే ఇల్లూ కాదు. 1879లో, పదహారేళ్లకు, డెట్రాయిట్ వెళ్లి వర్క్‌షాపులో చేరాడు. వారానికి రెండున్నర డాలర్లు. అది గదికీ తిండికీ చాలక రాత్రిళ్లు నగల దుకాణంలో గడియారాలు బాగుచేశాడు. 1882లో ఊరికి తిరిగొచ్చి, చుట్టుపక్కల పొలాల్లో వెస్టింగ్‌హౌస్ ఆవిరి ఇంజను నడిపాడు. రైతు చేతిలో యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో అతనికి తెలిసింది అక్కడే.

1891లో డెట్రాయిట్‌లో ఎడిసన్ కరెంటు కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. 1893 క్రిస్మస్ ముందురోజు రాత్రి, బాగ్లీ అవెన్యూ ఇంట్లో, పైపుముక్కతో చేసిన చిన్న ఇంజనును వంటింటి సింకుకు బిగించాడు. నిప్పురవ్వకు ఇంటి దీపం కరెంటే ఆధారం. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ లేదు, భార్య క్లారా పక్కన నిలబడి పెట్రోలు చుక్కచుక్కగా పోసింది. రెండు నెలలైనా నిండని పిల్లాడు పక్క గదిలో ఉన్నాడు. ఇంజను దగ్గి, పొగ కక్కి, తిరిగింది. 1896 జూన్ 4 తెల్లవారుజామున, నాలుగు సైకిలు చక్రాల మీద అతని మొదటి బండి సిద్ధమైంది. షెడ్డు తలుపులోంచి పట్టకపోతే గొడ్డలితో ఇటుక గోడ పగలగొట్టి బయటికి తెచ్చాడు. ఆ బండికి రివర్సు లేదు.

1899లో పెట్టిన మొదటి కంపెనీ 1901 మొదట్లోనే మూతపడింది. రెండోదాన్నుంచి 1902లో బయటికొచ్చేశాడు, అదే తర్వాత కాడిలాక్ కార్ల కంపెనీ అయింది. 1903 జూన్ 16న మూడోది. చేతికొచ్చిన నగదు 28,000 డాలర్లు. నెల తిరక్కముందే బ్యాంకులో 223 డాలర్ల చిల్లర మిగిలింది. అప్పుడు చికాగో నుంచి ఫెనిగ్ అనే డాక్టరు 850 డాలర్లకు మొదటి కారు కొన్నాడు. ఆ గండం దాటాక, 1908 అక్టోబరు 1న మోడల్ టి. దీన్ని ఒక్కడే గీశాడనడం అన్యాయం. విల్స్, గాలంబ్, ఫార్కాష్ లాంటి ఇంజనీర్ల చెయ్యి ఇందులో పెద్దది. ఏది ఉండాలి, ఏది అక్కర్లేదు అన్న తీర్పు మాత్రం అతనిదే. 825 డాలర్లతో మొదలైన ధర 1920ల నడుమకు 260కి దిగింది. 1927లో ఆపేనాటికి కోటీ యాభై లక్షల బళ్లు తయారయ్యాయి.

ఇక పనిలోకి.

కదిలించే ముందు చూడాల్సినవి

ఆయిలు ముందు. ఇంజనుకూ గేరుకూ ఒకే ఆయిలు, మొత్తం 4 క్వార్టులు, అంటే 3.8 లీటర్లు. కొలిచే పుల్ల లేదు. ఇంజను వెనక, ఫ్లైవీలు (ఇంజనుతో తిరిగే బరువైన చక్రం) గుల్ల కింది భాగాన ఒకదాని కింద ఒకటి రెండు చిన్న కుళాయిలుంటాయి. బండిని సమంగా ఉన్నచోట ఆపి, పది నిమిషాలాగి, కిందికి దూరి చూడాలి. పై కుళాయి తిప్పితే ఆయిలు కారిందంటే నిండుగా ఉంది. పైది కారక కిందిది కారితే నడపొచ్చు, కానీ పోసుకోవాలి. కిందిది కూడా కారలేదంటే బండి కదిలించొద్దు. ఆయిలును తిప్పేది ఫ్లైవీలే. అది తిరుగుతూ ఆయిలును పైకి చిమ్మితే, ఒక గొట్టంలో పడి ముందుకు పారుతుంది. మట్టం తగ్గితే మొదట ఎండేది ముందు పక్క బేరింగులు. ఫిల్టరు లేదు కాబట్టి 800 కిలోమీటర్లకోసారి మార్చేయడం మంచిది. పల్చటి ఆయిలే పొయ్యాలి, 10డబ్ల్యు-30 సరిపోతుంది. పాత బండికి చిక్కటి ఆయిలు మేలని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అది తప్పు, ఎందుకో హ్యాండిల్ దగ్గర చెప్తాం.

రేడియేటర్‌లో సుమారు 11 లీటర్లు. వేడి నీళ్లు పైకి, చల్లటివి కిందికి అన్న సూత్రం మీదే నీళ్లు తిరుగుతాయి. పై గొట్టం నోటి కంటే మట్టం తగ్గితే ఆ తిరుగుడు ఆగిపోతుంది. అంటే సగం నిండిన రేడియేటర్ సగం పని చేయదు, అసలు పని చేయదు.

పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద. సీటు ఎత్తి, మూత తీసి, శుభ్రమైన కర్ర ముంచి చూసుకోవాలి. నిండుగా 38 లీటర్లు పడుతుంది. 1926 నుంచి వచ్చిన చాలా రకాలకు ట్యాంకు డ్యాష్‌బోర్డు ముందుకు మారింది. కంప్రెషన్ చాలా తక్కువ, నాలుగుకి ఒకటి లెక్క, కాబట్టి ఖరీదైన పెట్రోలు పొయ్యడం దండగ. కాకపోతే ఇప్పుడు మన బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది. పాత కార్బొరేటర్లలో తేలే బెండు ముక్క మీద లక్క పూత ఉంటుంది. ఇథనాల్ ఆ పూతను కరిగిస్తుంది, బెండు పెట్రోలు పీల్చి మునుగుతుంది, కార్బొరేటర్ పొంగి కారుతుంది. ఇత్తడి బుడ్డి గానీ, ఇథనాల్‌కు తట్టుకునే కొత్తరకం గానీ వేయించుకోవాలి. ఊరికే నిలిపే బండి అయితే ట్యాంకులో పెట్రోలు నెలలు నిల్వ ఉంచొద్దు.

టైర్లు ముందు 30×3, వెనక 30×3½. గాలి 55 నుంచి 60 పౌండ్లు. చూడ్డానికి సైకిలు టైర్లలా సన్నగా ఉన్నాయని ముప్పై కొట్టిస్తే మలుపులో టైరు రిమ్మును వదిలేస్తుంది. చక్రాలకు కర్ర ఆకులు. చేత్తో ఊపితే కిర్రుమన్నాయంటే ఎండి వదులయ్యాయి. నీళ్లలో నానబెడితే బిగుస్తాయి నిజమే, ఆరాక ఇంకా వదులవుతాయి. ఆకులు మార్పించడమే దారి.

హ్యాండిల్ కొట్టడం

చేతి లివరు డోరు పక్కన నిలువుగా ఉంటుంది. దాన్ని పూర్తిగా వెనక్కి లాగితే రెండు పనులవుతాయి: వెనక చక్రాలకు బ్రేకు పడుతుంది, గేరు న్యూట్రల్‌లోకి వస్తుంది. ఇది మరిచి బండి ముందున్న హ్యాండిల్ కొడితే బండి లేచిన వెంటనే కొట్టినవాడి మీదికే వస్తుంది. లివరు లాగినా నమ్మకుండా చక్రాలకు ఇటుకలు పెట్టండి.

స్టీరింగు కింద రెండు చిన్న మీటలు. ఎడమది స్పార్కు, కుడిది పెట్రోలు. స్పార్కు మీటను పూర్తిగా పైకి నెట్టాలి, అంటే రవ్వ ఆలస్యంగా వస్తుంది. పెట్రోలు మీటను నాలుగైదు గాట్లు కిందికి దించాలి. ట్యాంకు కింది కుళాయి తెరవాలి. ఇంజను చల్లగా ఉంటే డ్యాష్‌బోర్డు మీది మిశ్రమం మరను పావు చుట్టు ఎడమకు విప్పాలి.

తాళం ఇంకా తిప్పొద్దు. ముందుకెళ్లి రేడియేటర్ కింద బయటికొచ్చిన చోక్ తీగను లాగి పట్టుకుని, హ్యాండిల్‌ను రెండు మూడు సార్లు పైకి లాగండి. సిలిండర్లలోకి పెట్రోలు ఆవిరి చేరుతుంది. సింకు దగ్గర క్లారా చుక్కచుక్కగా పోసింది ఇందుకే. చోక్ ఎక్కువసేపు లాగితే ప్లగ్గులు తడిసి ముద్దవుతాయి. పెట్రోలు వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, ఆపండి.

ఇప్పుడు తాళం బ్యాటరీ వైపు తిప్పండి. డ్యాష్‌బోర్డు మీది చెక్కపెట్టెలోంచి తుమ్మెద రొదలాంటి చప్పుడు రావాలి. అందులో సిలిండరుకు ఒకటి చొప్పున రవ్వ పుట్టించే నాలుగు కాయిల్స్ ఉంటాయి. ఇంజను ఆగినచోటును బట్టి ఒక్కోసారి రొద రాదు. హ్యాండిల్ అర చుట్టు కదిపితే వస్తుంది. తాళం తిప్పాక ఆ కదిపేది కూడా కింద చెప్పిన పట్టుతోనే.

పట్టు ఇలా. ఎడమ చెయ్యే. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, హ్యాండిల్‌ను చుట్టి పట్టకూడదు. హ్యాండిల్‌ను లోపలికి నొక్కి పళ్లు పట్టించి, కిందినుంచి పైకి ఒక్క లాగు. పైనుంచి కిందికి ఎప్పుడూ తొక్కొద్దు, గుండ్రంగా తిప్పుతూ ఉండొద్దు. స్పార్కు మీట కిందికి ఉండిపోయి రవ్వ ముందే వస్తే పిస్టను వెనక్కి తంతుంది. అప్పుడు హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది. ఎడమ చేత్తో పైకి లాగుతుంటే ఆ తన్ను హ్యాండిల్‌ను వేళ్లలోంచి లాక్కుపోతుంది, అంతే. కుడి చేత్తో కిందికి తొక్కుతుంటే ఆ తన్ను మణికట్టు ఎముకలకు తగులుతుంది. ఆ రోజుల్లో చేతులు విరిగినవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకం.

లేవగానే సీటు దగ్గరికొచ్చి స్పార్కు మీటను సగం దాకా దించండి, పెట్రోలు తగ్గించండి, తాళాన్ని మాగ్నెటో వైపు మార్చండి. మాగ్నెటో అంటే ఫ్లైవీలు మీద బిగించిన 16 అయస్కాంతాలు, వాటి ఎదురుగా కదలని తీగచుట్టలు. కరెంటు ఇంజనే పుట్టించుకుంటుంది, బ్యాటరీ లేకపోయినా బండి నడుస్తుంది. వైరింగు చేసేటప్పుడు బ్యాటరీ తీగ పొరపాటున మాగ్నెటో కొనకు తగిలిందా, ఆ అయస్కాంతాల బలం ఒక్క దెబ్బకు పోతుంది. మళ్లీ ఎక్కించడం చిన్న పని కాదు.

చిక్కటి ఆయిలు సంగతి ఇక్కడొస్తుంది. ఈ బండి క్లచ్చిలో వరుసగా పేర్చిన ఉక్కు బిళ్లలుంటాయి, అవి ఇంజను ఆయిల్లోనే మునిగి ఉంటాయి. ఆయిలు చిక్కగా ఉంటే న్యూట్రల్‌లో కూడా బిళ్లలు అతుక్కుని, హ్యాండిల్ బరువెక్కుతుంది, లేచాక బండి ముందుకు పాకుతుంది. మిషిగన్ చలిలో దీనికి విరుగుడుగా వెనక చక్రం ఒకటి జాకీ మీద ఎత్తి స్టార్టు చేసేవాళ్లు. మనకు లంబసింగిలో కూడా ఆ అవసరం రాదు, చేయనూ వద్దు. జాకీ జారితే పట్టేవాళ్లుండరు.

నడపడం

ఎడమ పెడలు ఒక్కటే మూడు పనులు చేస్తుంది. పూర్తిగా తొక్కితే లో గేరు. సగంలో న్యూట్రల్. పూర్తిగా వదిలితే హై గేరు, అది కూడా చేతి లివరు ముందుకు ఉంటేనే. లివరు నిలువుగా ఉంటే న్యూట్రల్, బ్రేకు ఉండదు. మన కార్ల క్లచ్చికి ఇది పూర్తిగా తలకిందులు. కంగారులో ఎడమ కాలు గట్టిగా తొక్కితే బండి ఆగదు, లో గేరులో ముందుకు లాగుతుంది. కొత్తవాళ్లు గోడలకు గుద్దేది ఇలాగే. మొదటి గంట ఖాళీ స్థలంలోనే నేర్చుకోండి.

బయల్దేరడం: ఎడమ కాలు సగం దాకా నొక్కి అక్కడే పట్టుకుని, చేతి లివరును పూర్తిగా ముందుకు నెట్టాలి. పెట్రోలు మీట కాస్త దించి, ఇంజను చప్పుడు పెరగ్గానే పెడలు చివరిదాకా తొక్కాలి. బండి కదులుతుంది. గంటకు 15, 20 కిలోమీటర్లు అందుకున్నాక పెట్రోలు తగ్గించి, పెడలు ఒక్కసారిగా పైకి వదిలేయాలి. హై గేరు పడ్డాక మళ్లీ పెట్రోలు, స్పార్కు మీట కూడా కిందికి. ఇంజను టకటకమంటే స్పార్కు కాస్త పైకి తియ్యాలి.

లో గేరు పెడలును నాన్చొద్దు. తొక్కితే పూర్తిగా తొక్కాలి, వదిలితే పూర్తిగా వదలాలి. లోపల డ్రమ్ము చుట్టూ ఉన్న బ్యాండు పట్టుకుంటేనే గేరు పడుతుంది, సగం తొక్కి జారనిస్తే లైనింగు మాడుతుంది. మాడిన నూలు పీచు ఆయిల్లో కలిసి ఆయిలు గొట్టాన్ని మూస్తుంది. బ్యాండు దగ్గర మొదలైన తప్పు ముందు బేరింగు దగ్గర బయటపడేది అందుకే.

ఆపడం: పెట్రోలు మీట పైకి, ఎడమ కాలు సగానికి, కుడి కాలు బ్రేకు మీద. ఆగాక లివరు వెనక్కి. ఆగిన తర్వాతే రివర్సు: ఎడమ కాలు సగంలో పట్టి, నడుమ పెడలు తొక్కాలి. ఈ పెడలుకు ఇంకో ఉపయోగం ఉంది. బ్రేకు పట్టకపోతే ముందుకు పోతున్న బండిని రివర్సు పెడలు తొక్కి కూడా ఆపొచ్చు. దిగుడు రోడ్డులో పెట్రోలు పూర్తిగా మూసి, లో గేరు పెడలుతో ఇంజను మీద దింపాలి. పెడలు అలా తొక్కి పట్టుకునే ఉండాలి, దానంతట అదే నిలబడే ఏర్పాటు లేదు. ఘాట్ రోడ్డులో పిక్క నొప్పెట్టడం ఖాయం.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను తుమ్మి ఆగిపోతే ముందు ట్యాంకు చూడండి. సీటు కింది ట్యాంకు నుంచి పెట్రోలు తనంతట తానే పారాలి. బండి ముక్కు పైకి లేస్తే కార్బొరేటర్ ట్యాంకు మట్టానికి వచ్చేస్తుంది. పెట్రోలు తక్కువున్నప్పుడు నిట్టనిలువు గుట్టను వెనక్కి తిరిగి రివర్సులో ఎక్కేవాళ్లు. నవ్వొచ్చినా ఇప్పటికీ పనిచేసే పద్ధతే.

20 గుర్రాల బలం, 2.9 లీటర్ల ఇంజను. గంటకు 65 దాటగలదు, కానీ ఈ బ్రేకులతో 50, 55 చాలు. లీటరుకు ఆరు నుంచి తొమ్మిది కిలోమీటర్లు లెక్కేసుకోండి.

మొరాయిస్తే

ఒక సిలిండరు కొట్టడం లేదనిపిస్తే ఇంజను నడుస్తుండగా కాయిల్ పెట్టె మూత తీసి, పైన అదిరే రేకుల్ని పొడి పుల్లతో ఒక్కొక్కటిగా నొక్కి ఆపండి. ఆపగానే ఇంజను నీరసించిందంటే ఆ సిలిండరు మంచిది. ఏ రేకు ఆపినా తేడా రాలేదో చచ్చింది అదే. ఇంజను ఆపి, ఆ కాయిల్‌ను పక్కదానితో మార్చి చూడండి. జబ్బు కాయిల్ వెంట వెళితే కాయిల్ పాయింట్లు చూడాలి, రేకు నొక్కినప్పుడు సందు అంగుళంలో 1/32, అంటే 0.8 మిల్లీమీటర్లు. జబ్బు అక్కడే ఉంటే ప్లగ్గు, వైరు, లేదా ఇంజను ముందున్న టైమరు. టైమరులో రోలరు తిరిగి ఒక్కో కాయిల్‌కు కరెంటు వదులుతుంది. 300 కిలోమీటర్లకోసారి ఆయిలు చుక్కలు వెయ్యకపోతే అరిగి గతుకులు పడుతుంది. మంట వరుస 1-2-4-3. పాయింట్లను కంటికి తీరుగా దిద్దితే చాలదు, ఒక్కో కాయిల్ లాగే కరెంటు 1.3 యాంపియర్లకు సరిచేస్తే నాలుగూ ఒకే తీరున కొడతాయి. గడియారాలు విప్పిన చేతికి నచ్చే పని ఇది. సుత్తిపని వాళ్లకు అప్పగించొద్దు.

నీళ్లు మరిగితే, రేడియేటర్ మీద నింద వేసేముందు స్పార్కు మీట చూడండి. స్టార్టు చేసి దాన్ని దించడం మరిస్తే మంట ఆలస్యంగా రగిలి, వేడంతా సిలిండరు గోడలకూ సైలెన్సరుకూ పోతుంది. మన ఎండల్లో పది నిమిషాల్లో ఆవిరి కక్కుతుంది. మీట సరిగ్గానే ఉంటే ఫ్యాను బెల్టు, ఆ తర్వాత రేడియేటర్ గొట్టాల్లో తుప్పు. మరుగుతున్న ఇంజన్లో చల్లనీళ్లు పొయ్యకండి, బ్లాకు పగులుతుంది.

పెడలు పలకకు తగిలేదాకా పోతుంటే బ్యాండు బిగించాలి. లో గేరుకు మర బయటే ఉంటుంది. బ్రేకు, రివర్సులకు కాళ్ల కింది పలకలు తీసి, గేరు పెట్టె మూత విప్పాలి. విప్పగానే లోపల సందులన్నీ శుభ్రమైన గుడ్డలతో కుక్కేయండి, ఎన్ని కుక్కారో లెక్కపెట్టుకోండి. ఒక్క నట్టు జారి లోపల పడితే అది ఫ్లైవీలు అయస్కాంతాలకు అతుక్కుని, తిరిగి తీగచుట్టల్ని చీరేస్తుంది. దానికి ఇంజను దించాల్సిందే. బ్యాండు మరీ బిగిస్తే పెడలు వదిలినా డ్రమ్మును రాస్తూనే ఉంటుంది. న్యూట్రల్‌లో బండి చేత్తో తోస్తే సులువుగా కదలాలి.

అన్నిటికంటే ప్రమాదం వెనక యాక్సిలులో ఉంటుంది, కంటికి కనపడదు. అక్కడి ఒత్తిడి వాషర్లు పాత బళ్లలో తెల్లలోహంతో చేసినవి. ఏళ్లు గడిచాక అవి పిండై రాలిపోతాయి. అప్పుడు డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే పళ్లచక్రాల గుంపు) పక్కకు జరిగి, పళ్లు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. కాలి బ్రేకు పట్టేది గేరు పెట్టెలో, చక్రాల దగ్గర కాదు. పళ్లు వదిలాక బ్రేకు, లో గేరు, రివర్సు మూడూ ఒకేసారి ఉత్తవైపోతాయి. చేతి లివరు ఒక్కటే మిగులుతుంది, దాని బలం నిలిపిన బండిని పట్టడానికే. ఎవరి దగ్గరైనా పాత మోడల్ టి కొంటే, ఇంజను ఎంత తియ్యగా తిరిగినా సరే, వెనక యాక్సిలు విప్పించి కంచు రకం వాషర్లు వేయించాకే రోడ్డెక్కండి. చక్రాలకే బిగించే అదనపు బ్రేకులు దొరుకుతాయి, అవీ వేయించుకోవడం మేలు.

నిలిపేటప్పుడు

లివరు పూర్తిగా వెనక్కి, తాళం మూసెయ్యాలి, ట్యాంకు కుళాయి కట్టెయ్యాలి. కుళాయి మరిస్తే కార్బొరేటర్ చుక్కచుక్కగా కారుతూ పొద్దున్నకు షెడ్డంతా పెట్రోలు వాసనవుతుంది. స్పార్కు మీటను ఇప్పుడే పైకి నెట్టి ఉంచండి, రేపు మరిచినా చెయ్యి దక్కుతుంది. వేడిగా ఆపిన ఇంజను సిలిండర్లో కాస్త ఆవిరి మిగులుతుంది. కాసేపటికి తాళం బ్యాటరీ వైపు తిప్పి స్పార్కు మీట కదిపితే, హ్యాండిల్ ముట్టకుండానే లేచి కూర్చుంటుంది. చూసేవాళ్లకు అది గారడీ. ముందు నిలబడి రేడియేటర్ తుడుస్తున్నవాడికి కాదు, కాబట్టి తాళం తీసి జేబులో వేసుకున్నాకే బండి ముందుకు వెళ్లండి.